112 కిలోల బరువుతో బాక్సింగ్ మొదలుపెట్టొచ్చా? మొదటి మూడు నెలలు ఎలా నడపాలి?

కొత్త_గ్లవ్స్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. వయసు 34, ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. బీపీ, షుగర్ లేవు. మోకాళ్ల నొప్పులు లేవు కానీ రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తుంది. బరువు తగ్గడానికి బాక్సింగ్‌లో చేరదామనుకుంటున్నాను. పోటీల్లో దిగే ఉద్దేశం లేదు, అలాగని పాటలు పెట్టి చేతులు ఊపించే క్లాసు కూడా వద్దు. సరిగ్గా నేర్చుకోవాలని ఉంది.

ముందు కొంత తగ్గి ఆ తర్వాత చేరాలా, ఇప్పుడే చేరొచ్చా? వారానికి ఎన్ని రోజులు వెళ్లాలి? క్లాసు మొదట్లో అందరిచేతా పది నిమిషాలు స్కిప్పింగ్ చేయిస్తారట, నా బరువుకి అది పడుతుందా? గ్లవ్స్ ఎన్ని ఔన్సులవి తీసుకోవాలి? ఇవన్నీ చేస్తే నెలకి ఎన్ని కిలోలు తగ్గుతానని అనుకోవచ్చు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మూడు_నిమిషాలు:

తగ్గాక చేరడమనే మాట పక్కన పెట్టి ఇప్పుడే చేరండి. మీ బరువుని ఇబ్బంది పెట్టేవి గెంతడం, పరుగెత్తడం, నేలమీద పడి లేవడం. ఇవి బాక్సింగ్ చుట్టూ ఉండే కసరత్తులే తప్ప బాక్సింగ్ కాదు. నిలబడే తీరు, అడుగు వేయడం, గుద్దు, తల తప్పించడం 112 కిలోల మనిషి మొదటిరోజు నుంచే నేర్చుకోవచ్చు. 2019 జూన్ 1న ఆంథొనీ జాషువాని పడగొట్టి హెవీవెయిట్ టైటిళ్లు గెలిచిన ఆండీ రూయిజ్ ఆ పోటీకి 121 కిలోల పైన తూగాడు. ఆయన చిన్నప్పటి నుంచి రింగులో ఉన్నవాడు కాబట్టి మనం పోల్చుకోకూడదు. పొట్ట ఉంటే చేతులు కదలవన్న భయం మాత్రం వదిలేయొచ్చు.

బీపీ, షుగర్ లేవన్నారు, ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. ఏడాది దాటితే మళ్లీ చూపించుకోండి, పనిలో పనిగా ఈసీజీ కూడా. మెట్లెక్కేటప్పుడు ఆయాసంతో పాటు ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, గుండె లయ తప్పడం లాంటివి ఉంటే ఆ సంగతి తేలేదాకా గుద్దులు కొట్టే బ్యాగ్ దగ్గరికి వెళ్లొద్దు.

వారానికి మూడు రోజులు చాలు, రెండు క్లాసుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. జిమ్‌లో గంట మామూలుగా 3 నిమిషాల పనికి, 1 నిమిషం విరామానికి మోగుతుంది. మీరు ఆ గంటతో పోటీ పడొద్దు. మొదటి రెండు వారాలు రౌండులో 2 నిమిషాలే పని చేసి, మూడో నిమిషం బ్యాగ్ చుట్టూ నడుస్తూ ఊపిరి సర్దుకోండి. దానికి విరామం కలిస్తే 2 నిమిషాల పనికి 2 నిమిషాల విశ్రాంతి వస్తుంది, గంటా తప్పదు, పక్కవాళ్లకీ అడ్డం ఉండదు. మూడు, నాలుగు వారాల్లో రెండున్నర నిమిషాలు చేయండి. ఐదో వారం నుంచి పూర్తి రౌండు.

మొదట్లో ఒక రోజు పని ఇలా ఉంటే సరిపోతుంది: పది నిమిషాలు చురుగ్గా నడక, భుజాలు, తుంటి, చీలమండలు తిప్పడం. షాడో బాక్సింగ్ (ఎదుట ఎవరూ లేకుండా గాల్లోకి గుద్దడం) 2 రౌండ్లు. బ్యాగ్ 3 రౌండ్లు. కోచ్ చేతులకి మెత్తని ప్యాడ్లు తొడిగి మీ గుద్దులు అందుకుంటే 1 రౌండు. తర్వాత పదీ పన్నెండు నిమిషాలు బలం కసరత్తులు, చివర ఐదు నిమిషాలు నడక. మొత్తం 50 నిమిషాలు. రెండో నెలలో రౌండ్లు 6 నుంచి 8కి పెంచండి, మూడో నెల చివరికి ఒంటికి పడితే 10. రౌండు నిడివి పెంచిన వారంలో రౌండ్ల సంఖ్య పెంచొద్దు.

కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు మొదటి రౌండులోనే బలమంతా పెట్టేయడం. నలభై సెకన్లు తిరిగేసరికి చేతులు గడ్డం కిందికి దిగుతాయి, మోచేతులు పక్కలకి తెరుచుకుంటాయి, మణికట్టు వంగుతుంది. ఇక ఆ తర్వాత కొట్టే ప్రతి గుద్దూ తప్పు అలవాటునే గట్టిపరుస్తుంది. మొదటి నెలంతా సగం బలంతోనే కొట్టండి. కొలత కావాలంటే, విరామం ముగిసేసరికి ఒక వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే తర్వాతి రౌండు వదిలేసి నడవండి, ఆపై రౌండులో దిగండి.

ఇక పాదాల సంగతి. అసలు నేర్చుకోవలసింది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. కుడిచేతి వాటమైతే ఎడమకాలు ముందు. పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పు కంటే ఒక పిసరు ఎక్కువ. ముందు పాదం కాస్త లోపలికి, వెనక పాదం ఏటవాలుగా పక్కకి చూస్తుంది. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉండకూడదు, ఉంటే పక్కనుంచి వేలితో తోసినా తూలుతారు. వెనక మడమ నేల నుంచి రెండు వేళ్ల మందం పైకి లేచి ఉండాలి. పొట్ట బరువు మనిషిని తెలియకుండా ముందుకు లాగుతుంది. ముందు మోకాలు కాలి వేళ్లు దాటిపోయి, నడుం వంగి, అరగంటకి వీపు కింది భాగం పట్టేస్తుంది. అద్దానికి పక్కగా నిలబడి చూసుకోండి. భుజాలు తుంటికి బాగా ముందుకి పోయి కనిపిస్తే మోకాళ్లు ఇంకొంచెం వంచి తుంటిని కిందికి దించండి, సర్దుకుంటుంది.

క్రాస్, అంటే వెనక చేత్తో నేరుగా కొట్టే గుద్దు, కొట్టేటప్పుడు వెనక పాదం మునివేళ్ల మీద తిరగాలి. మడమ బయటికి పోతుంది, దాని వెంట మోకాలు, ఆ వెంట తుంటి, ఆఖరున భుజం. చెయ్యి వీటన్నిటి తర్వాతే గురికి చేరుతుంది. పాదం నేలకి అతుక్కుపోయి తుంటి మాత్రం తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది, పైన 112 కిలోలు ఉన్నాయి. అందుకే మందపాటి మెత్తని అడుగున్న పరుగు బూట్లు వద్దు, వాటి అంచులు నేలని పట్టేసి పాదాన్ని తిరగనివ్వవు. బాక్సింగ్ బూట్లే ఉండాలని లేదు, అడుగు చదునుగా, పలచగా ఉన్నవి చాలు. క్రాస్ కోసం మొదటి వారం చేతులు నడుం మీద పెట్టుకుని పాదం, మోకాలు, తుంటి తిప్పడం మాత్రమే సాధన చేయండి, నెమ్మదిగా 20 చొప్పున మూడు విడతలు. తర్వాత దానికి చెయ్యి జోడించండి.

మొదటి నెలంతా జాబ్ (ముందున్న చేత్తో నేరుగా కొట్టే గుద్దు), క్రాస్ తప్ప వేరే గుద్దు వద్దు. హుక్, అంటే మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు, ఐదో వారంలో మొదలుపెట్టొచ్చు, అదీ బ్యాగ్ మీద కాదు, షాడోలో. తొందరపడి కొట్టిన హుక్కులతో మణికట్టు బెణకొచ్చు.

కీళ్ల_సంగతి:

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తాను. స్కిప్పింగ్ ప్రశ్న మిగిలింది, అది చెప్తాను.

గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే గాడిన పడతాయి. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్లకి, ఎముకలకి మాత్రం నెలలు పడుతుంది. ఈ తేడాలోనే ప్రమాదం ఉంది. ఐదారు వారాలకి ఆయాసం తగ్గుతుంది, ధైర్యం వస్తుంది, రౌండ్లు పెంచుతారు. మడమ వెనక టెండన్ పట్టేయడం, అరికాలి నొప్పి, ముందు ఎముక వెంట సలుపు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఊపిరి ఒప్పుకుంటోంది కదా అని కాళ్లు కూడా ఒప్పుకున్నాయని అనుకోవద్దు.

పది నిమిషాల స్కిప్పింగ్ లెక్క చూడండి. నిమిషానికి 120 గెంతులంటే 1200 సార్లు నేలమీద దిగడం. ప్రతిసారీ ఒంటి బరువుకి మించిన ఒత్తిడి పిక్కల మీద, మడమల మీద పడుతుంది. బరువు ఎక్కువున్న కొత్తవాళ్లకి మొదటి నెల ఇది అక్కర్లేదు. క్లాసులో అందరూ తాడాడేటప్పుడు మీరు తాడు రెండు పిడులూ ఒక చేత్తో పట్టుకుని పక్కన తిప్పుతూ, ఆ లయకి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చండి. పాదాలు నేల వదలక్కర్లేదు. లయ వస్తుంది, భుజం వేడెక్కుతుంది, దెబ్బ ఉండదు.

అదే నెలలో పిక్కల్ని తయారు చేసుకోండి. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మూడు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా దిగండి. 12 నుంచి 15 సార్లు, మూడు విడతలు, క్లాసు ఉన్న రోజుల్లో చాలు. రెండు కాళ్లతో తేలికయ్యాక ఒంటికాలితో. ఒక్కో కాలితో నొప్పి లేకుండా 15 సార్లు రాగలిగిన రోజున తాడు ముట్టుకోండి. అప్పుడు కూడా 20 సెకన్లు ఆట, 40 సెకన్లు విశ్రాంతి, ఐదు విడతలు మాత్రమే. ప్రతి వారం ఒక విడత గానీ ఐదు సెకన్లు గానీ పెంచండి, రెండూ ఒకేసారి వద్దు. తాడు పొడవు చూడటానికి మధ్యలో ఒక పాదంతో తొక్కి పైకి లాగితే పిడులు చంకల దగ్గరికి రావాలి. ఇంకా పొడవుంటే కాళ్లకి చుట్టుకుంటుంది, మరీ పొట్టిదైతే తప్పించుకోవడానికి ఎత్తుగా ఎగరాల్సొస్తుంది. తాడు దూరేంత ఎత్తు చాలు, రెండు మూడు సెంటీమీటర్లు. కాంక్రీటు మీద అసలు వద్దు, చెక్క నేల గానీ రబ్బరు మ్యాట్ గానీ ఉండాలి.

నొప్పిని ఎలా చదవాలంటే, పదికి మూడు లోపు ఉండి మర్నాటి పొద్దుటికి పోతే కంగారు లేదు. నిద్ర లేచి వేసిన మొదటి అడుగుకే మడమ కింద పొడిచినట్టుంటే గెంతులు ఆపి, అరికాలికి, పిక్కకి సాగదీతలు చేయండి. కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట జానెడు పొడవునా నొక్కితే నొప్పిగా ఉంటే అవి షిన్ స్ప్లింట్స్, పని తగ్గిస్తే తగ్గుతాయి. అలా కాకుండా ఒక్క వేలికొన పట్టేంత చోటే తీవ్రంగా ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నని పగులు వచ్చి ఉండొచ్చు. అప్పుడు సాధన ఆపి డాక్టర్‌కి చూపించాల్సిందే.

నేలమీద కసరత్తులకి బదులు ఇవి చేయండి. పుషప్‌లు నడుమెత్తు బల్ల మీద చేతులు పెట్టి, 8 చొప్పున మూడు విడతలు. ప్లాంక్ (ఒళ్లు కర్రలా చాచి కదలకుండా ఉండటం) కూడా బల్ల మీద ముంజేతులు ఆనించి 20 సెకన్లు. స్క్వాట్లు కుర్చీ దాకా కూర్చుని లేవడం. బర్పీలు, అంటే నేలమీద పడి లేచి గెంతే కసరత్తు, వద్దు. పొట్ట అడ్డం వచ్చి నడుం వంగుతుంది, పడి లేచేసరికి తల తిరుగుతుంది, వాటివల్ల బాక్సింగ్‌కి ఒరిగేదీ లేదు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు గానీ మొదటి వారంలోనే చాలామందిని మాన్పించేది. తొడలు ఒరుసుకుని కమిలిపోవడం. మోకాలి దగ్గరి దాకా వచ్చే బిగుతు షార్ట్స్ లోపల వేసుకోండి, ఒరుసుకునే చోట వాజిలీన్ రాయండి. క్లాసవగానే తడి బట్టలు మార్చి, పొట్ట మడతల కింద, గజ్జల్లో తుడిచి ఆరనివ్వండి. తడి అలాగే ఉంటే తామర పట్టుకోవచ్చు.

ర్యాప్_180:

గ్లవ్స్ గురించి. మీ బరువుకి 16 ఔన్సులవి తీసుకోండి, ఒక్కోటి సుమారు 450 గ్రాములు. 14 కూడా నడుస్తాయి. 10, 12 ఔన్సులు చేతికి తేలిగ్గా ఉంటాయి కానీ మెత్త తక్కువ. మీ గుద్దు వెనక ఉన్న బరువు ఎక్కువ, ఆ దెబ్బ అంతా తిరిగి మీ మెటికలకే తగులుతుంది. లేసులవి వద్దు, వెల్క్రో పట్టీవి తీసుకోండి, ఒక్కరే వేసుకుని విప్పుకోవచ్చు. చేతికి ర్యాప్ (గ్లవ్ లోపల చుట్టుకునే పొడవాటి బట్ట పట్టీ) చుట్టుకుని మరీ గ్లవ్ వేసి చూడండి. వేలికొనలు చివరకి తాకీ తాకనట్టుండాలి, పిడికిలి బిగిస్తే లోపల చెయ్యి జారకూడదు.

గ్లవ్ కంటే ముఖ్యం ర్యాప్. 180 అంగుళాలది, అంటే నాలుగున్నర మీటర్లది, కొంచెం సాగే గుణం ఉన్నది కొనండి. 120 అంగుళాలది పెద్ద చేతికి చాలదు, మణికట్టు దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది. చుట్టే పద్ధతి ఇది. వేళ్లు బాగా విప్పి పెట్టండి, చుట్టడం పూర్తయ్యేదాకా అలాగే ఉంచాలి. గాజులా ఉన్న కొసని బొటనవేలికి తగిలించి, బట్టని చేతి వెనకవైపు నుంచి మణికట్టు మీదికి తీసుకెళ్లండి. మణికట్టు చుట్టూ మూడు చుట్లు, ఒకదాని మీద ఒకటి కాకుండా కాస్త జరుపుతూ. అక్కడి నుంచి చేతి వెనకగా ఏటవాలుగా పైకెక్కి మెటికల చుట్టూ మూడు చుట్లు. తర్వాత బొటనవేలి మొదలు దగ్గరికి వచ్చి చిటికెనవేలికీ ఉంగరంవేలికీ మధ్యలోంచి దూర్చి మళ్లీ మణికట్టుకి. అలాగే ఉంగరంవేలు, మధ్యవేలు మధ్యన, ఆపైన మధ్యవేలు, చూపుడువేలు మధ్యన. ఇప్పుడు బొటనవేలి చుట్టూ ఒక చుట్టు, మెటికల మీద ఇంకో రెండు, మిగిలిందంతా మణికట్టుకి చుట్టి పట్టీ అతికించండి.

పిడికిలి బిగిస్తే బిగుతుగా, విప్పితే హాయిగా ఉండాలి. గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో రంగు తిరిగి రాకపోతే మరీ బిగించారని అర్థం. వేళ్లు ముడుచుకుని చుట్టినవాళ్లకి పిడికిలి బిగించగానే వేళ్ల మధ్య బట్ట కోస్తుంది, రెండో రౌండుకే తిమ్మిరెక్కుతుంది.

గుద్దు చూపుడువేలు, మధ్యవేలు మెటికల మీద దిగాలి. చేతి వెనకభాగం, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. చిటికెనవేలి వైపు దిగితే దాని వెనకున్న సన్నని అరచేతి ఎముక మెడ దగ్గర విరుగుతుంది, వైద్యులు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. బ్యాగ్ కూడా చూసుకోండి. తేలికది అయితే మీ దెబ్బకి దూరంగా ఊగి, తిరిగి మీదికి వచ్చే సమయంలో రెండో గుద్దు తగిలి మణికట్టు నొక్కుకుపోతుంది. మీకు 45 కిలోలు, ఆపైన ఉన్న బ్యాగ్ సరిపోతుంది. ఊగుతుంటే ఆగండి, ముందు చేత్తో ఆపి అప్పుడు కొట్టండి. షాడోలో మోచెయ్యి పూర్తిగా చాచి లాక్ చేయొద్దు, గాల్లో ఆపేది ఏదీ లేక మోచెయ్యే ఆ ఊపునంతా భరిస్తుంది. చివరి కొసరు వదిలేసి వెనక్కి లాక్కోండి.

ర్యాపులు ప్రతిసారీ ఉతకాలి. గ్లవ్స్ తడిగా సంచిలో మూసి పెట్టొద్దు, లోపల తుడిచి నోరు తెరిచి గాలికి ఆరబెట్టండి.

లెక్క_తప్పదు:

నెలకి ఎన్ని కిలోలని అడిగారు. ఇష్టమైన జవాబు కాకపోవచ్చు కానీ నిజం చెప్పాలి.

శ్రమ లెక్కకి వాడే పట్టికల్లో బ్యాగ్ కొట్టడం 5.5 మెట్‌లు. అంటే ఊరికే కూర్చున్నప్పటికంటే ఐదున్నర రెట్లు. మీ బరువుకి గంటసేపు ఆగకుండా కొడితే 616 కేలరీలు. కానీ పైన ఇచ్చిన ప్రణాళికలో షాడో, బ్యాగ్, ప్యాడ్లు కలిపి అసలు చేతులాడేది 12 నిమిషాలే. నడక, విరామాలు, బలం కసరత్తులు అన్నీ సగటున 4 మెట్‌లు అనుకుంటే 50 నిమిషాలకి 370 చిల్లర. అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 90 తీసేస్తే మిగిలేది 280. వారానికి మూడు క్లాసులు, 840. కిలో కొవ్వుకి సుమారు 7700 కేలరీలు. కాబట్టి బాక్సింగ్ ఒక్కదానితోనే తగ్గేది నెలకి దాదాపు అరకిలో.

ఇప్పుడు రోజూ అరగంట చురుగ్గా నడవడం లెక్క వేయండి. అది తక్కువలో తక్కువ 3.5 మెట్‌లు. మీ బరువుకి రోజుకి 140 అదనపు ఖర్చు, వారానికి 980. అంటే మూడు బాక్సింగ్ క్లాసుల కంటే ఎక్కువ! మొదటి రెండు నెలలు క్లాసు లేని రోజుల్లో కూడా నడక మానొద్దని అందుకే అంటాను. దానికితోడు తిండిలో రోజుకి 400 తగ్గిస్తే వారానికి 2800. మూడూ కలిపితే 4600 పైన, వారానికి 600 గ్రాములు, నెలకి రెండున్నర కిలోలు. నిలబడే వేగం ఇదే. ఇంతకంటే తొందరపడి తిండి బాగా కోసేస్తే మూడో రౌండుకి చేతులు లేవవు, నిద్ర పాడవుతుంది, కొవ్వుతో పాటు కండా పోతుంది.

అయితే బాక్సింగ్ దేనికంటారా? తిండి తగ్గించినప్పుడు కండ నిలబడాలంటే దానికి పని కావాలి. పైగా నేర్చుకునేది ఏదో ఉంటే మనిషి మూడో నెలలో కూడా వెళ్తాడు. ట్రెడ్‌మిల్ దగ్గర ఆ ఆకర్షణ తక్కువ.

ప్రోటీన్ రోజుకి 110 నుంచి 130 గ్రాములు ఉండేలా చూడండి, రోజుకి నాలుగు సార్లు 30 చొప్పున పంచుకుంటే కష్టం కాదు. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెంచొద్దు. క్లాసవగానే తాగే అరలీటరు స్పోర్ట్స్ డ్రింకులో చాలాసార్లు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 120 కేలరీలు. మీరు క్లాసులో సంపాదించిన 280లో దాదాపు సగం అక్కడే పోయింది. 50 నిమిషాల పనికి నీళ్లు చాలు.

మొదటి రెండు మూడు వారాలు కాటా కదలకపోవచ్చు, ఒక కిలో పెరగొచ్చు కూడా. కొత్తగా పని పడిన కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి. లోపల నిల్వ చేసుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (కండరాలు దాచుకునే పిండిపదార్థం) పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. అది కొవ్వు కాదు. రోజూ పొద్దున్నే తూగి ఏడు రోజుల సగటు రాసుకోండి, ఏ ఒక్క రోజు అంకెనీ నమ్మొద్దు. వారానికోసారి బొడ్డు దగ్గర నడుం చుట్టుకొలత తీయండి.

ప్లాస్టిక్ సూట్ వేసుకుని చెమట పట్టించమని ఎవరైనా చెప్తే వినొద్దు. క్లాసులో కిలో తగ్గితే అది లీటరు నీరు, రాత్రికి తిరిగొస్తుంది. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు ఇలా నీరు పోగొట్టుకుని బరువు దించే ప్రయత్నంలో నెల రోజుల తేడాలో చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లు నిషేధించారు. ఒళ్లు పెద్దదైనకొద్దీ వేడి బయటికి పోవడం కష్టం, మీకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కొత్త_గ్లవ్స్:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్సండీ. నడక లెక్క అసలు ఊహించలేదు. ఇంకో మూడు సందేహాలు. షాడో చేస్తుంటే నిమిషానికే భుజాలు మండి చేతులు కిందికి జారుతున్నాయి, చిన్న డంబెల్స్ పట్టుకుని చేస్తే బలం వస్తుందా? స్పారింగ్, అంటే ఎదుటి మనిషితో గుద్దులాడే సాధన, రెండో నెల నుంచే ఉంటుందని అంటున్నారు, దిగాలా? క్లాసులో అందరితో పాటు బర్పీలు చేయమంటే ఏం చెప్పాలి?

మూడు_నిమిషాలు:

డంబెల్స్ వద్దు. గుద్దు ముందుకి పోతుంది, డంబెల్ బరువు కిందికి లాగుతుంది. భుజం దాన్ని మోయడంలో పడి గుద్దు దారి మారిపోతుంది, మోచేతికీ మంచిది కాదు. చేతులు జారడానికి సగం కారణం బలం లేకపోవడం కాదు, భుజాలు చెవుల దాకా ఎత్తి బిగబట్టడం. మోచేతులు పక్కటెముకలకి ఆనించండి, పిడికిళ్లు దవడ దగ్గరుంటే చాలు. గుద్దు కొట్టే క్షణం దాకా పిడికిలి వదులుగా ఉంచండి. ప్రతి గుద్దుకీ నోటితో చిన్నగా 'ష్' అని గాలి వదలండి. ఊపిరి బిగబట్టి నాలుగు గుద్దులు కొడితే బీపీ పెరుగుతుంది, అలసట కూడా రెట్టింపు. ఇది సర్దుకుంటే వారం పది రోజుల్లో ఒక నిమిషం కాస్తా రెండవుతుంది.

స్పారింగ్ రెండో నెలలో వద్దు. బరువు తగ్గడానికి అది అవసరమే లేదు. నేర్చుకునే ఆసక్తితో దిగాలనుకుంటే నాలుగు నుంచి ఆరు నెలల తర్వాత, అది కూడా మూడు పనులు వచ్చాక: మూడు రౌండ్లు చేతులు దించకుండా ఉండగలగడం, గుద్దు వస్తుంటే కళ్లు మూయకపోవడం, వెనక్కి నడిచేటప్పుడు కాళ్లు కత్తెర పడకపోవడం. ఈలోపు ఎదుటివాళ్లతో జాబ్ మాత్రమే వేసుకునే ఆట, పొట్ట మీద తేలిగ్గా తాకించే ఆట అడిగి ఆడండి. మీ బరువు వాళ్లు దొరక్క కోచ్ అనుభవం ఉన్న హెవీవెయిట్‌తో జోడీ కడితే, అతను చెయ్యి అదుపులో పెట్టుకునే మనిషా కాదా ముందు చూసుకోండి. హెడ్‌గార్డ్ ఉంటే మెదడుకి ఏమీ కాదనుకోవద్దు. చర్మం చీలకుండా అది కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషుల బాక్సింగ్ హెడ్‌గార్డ్ లేకుండానే జరిగింది. మౌత్‌గార్డ్ మాత్రం తప్పనిసరి, వేడినీళ్లలో ముంచి పళ్లకి అచ్చు తీసుకునేది చాలు. కళ్లజోడు పవర్ బాగా ఎక్కువున్నవాళ్లు రెటీనా పరీక్ష చేయించుకోకుండా తలకి దెబ్బ తగిలే ఆటలో అస్సలు దిగొద్దు.

తలకి గట్టి దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, వెలుతురు పడకపోవడం, అయోమయం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజుతో ఆపి డాక్టర్‌ని చూడండి.

చేరేముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. కొత్తవాడి మణికట్టు వంగుతుంటే ఎవరైనా వచ్చి సరిచేస్తున్నారా? మొదటి వారంలోనే కొత్తవాళ్లని రింగులోకి ఎక్కిస్తున్నారా? మొదటిదానికి లేదు, రెండోదానికి అవును అని జవాబొస్తే ఆ జిమ్ వదిలేయండి.

కీళ్ల_సంగతి:

బర్పీల మాట క్లాసు మధ్యలో కాదు, మొదలవకముందే కోచ్‌తో చెప్పండి. "గెంతులు, నేలమీద పడి లేచేవి రెండు నెలలు వద్దు, వాటి బదులు కుర్చీ స్క్వాట్లు, బల్ల పుషప్‌లు చేస్తాను" అని ఒక్క మాట. చేయనంటే కోచ్‌కి నచ్చదు, బదులు ఏం చేస్తారో చెప్తే అభ్యంతరం ఉండదు.

ఏ కారణం చేతైనా వారం పది రోజులు మానేస్తే తిరిగొచ్చిన రోజు ఆగిన చోట మొదలుపెట్టకండి. రెండు రౌండ్లు తగ్గించండి, తాడు ఆట రెండు వారాల వెనకటి లెక్కకి తీసుకెళ్లండి. జ్వరం వచ్చి తగ్గాక అయితే మొదటి రెండు క్లాసులూ నడక, షాడో మాత్రమే, బ్యాగ్ మూడో క్లాసు నుంచి.